రాగి తాగే వేరు

చౌడేశ్వరి తయారుచేసిన మొక్కకు కాగితాల మీద పొడుగాటి పేరొకటి ఉంది. ఆ పేరుతో పిలిచే ఓపిక పరిశోధన కేంద్రంలో ఎవరికీ లేదు. మొక్కల షెడ్డు చూసుకునే మాబు మొదటి వారంలోనే దానికి 'తాగుబోతు' అని పేరు పెట్టేశాడు. అదే స్థిరపడిపోయింది. నగరం నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు కూడా ఎవరో ఒకరు నోరు జారి "సార్, ఇదే మన తాగుబోతు" అనేవారు. చౌడేశ్వరి పైకి కోపం నటించి, అవతలికి వెళ్లి నవ్వుకునేది.

పేరు తప్పేమీ కాదు. ఆ మొక్క తాగేది రాగిని. పైకి చూస్తే మామూలు అడవి నిమ్మ మొక్క, ముళ్లు మాత్రం కాస్త ఎక్కువ. సంగతంతా నేల కిందే. రెండు అద్దాల మధ్య తడి ఇసుక పోసి, అందులో మొక్కను నాటి, పెట్టె ఒక చివర రాగి ఉండే మైలుతుత్తం నీళ్లలో తడిపిన పేలిక పెడితే చాలు, తెల్లటి వేళ్లు అద్దం వెంబడే అటు మళ్లి బయలుదేరేవి. మామూలు చీనీ చెట్టు, అంటే బత్తాయి, వేరుకు రాగి ఎక్కువైతే అక్కడికక్కడే మొద్దుబారిపోతుంది. నూగు వేళ్లు రాలిపోయి, కొస నల్లబడి, పక్కనే నీళ్లున్నా తాగలేక చస్తుంది. ఇది అలా కాదు. పేలిక దాకా పోయి, ఉన్న రాగినంతా పీల్చుకుని, దాన్ని తన బెరడులోనే దాచుకుని, ఇంకెక్కడ ఉందా అని మళ్లీ వెతుకుతుంది. ఆకుకు గానీ కాయకు గానీ చిటికెడు కూడా పోనివ్వదు. ముదిరిన వేరును గోటితో గీరితే లోపల ఎర్రగా మెరిసేది.

ఎవరైనా ఎందుకమ్మా ఈ పిచ్చి అని అడిగితే చౌడేశ్వరి రైతుల గురించి, నేల గురించి చెప్పేది. నిజానికి ఆమె చేసిందంతా ఒకే ఒక రైతు కోసం. ఆయన మొక్క తయారయ్యేదాకా ఆగలేదు.

ఆయన ఆమె నాయన కుళ్లాయప్ప. మిద్దెలపల్లిలో ఆయనకు చీనీ తోట ఉండేది. చెట్టుకు బంక కారినా, కొమ్మ ఎండినా, ఆకు మీద మచ్చ పడినా ఆ ఊళ్లో ఒకటే మందు. మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం నీళ్లు. కలిపాక కొడవలి మొన ముంచి చూస్తారు. ఇనుము మీద ఎర్రటి పూత తేలితే ఇంకొంచెం సున్నం వెయ్యాలి. ఆ కొడవలి ముంచడంలో, భుజాన మందు పంపు మోసి కొట్టడంలో కుళ్లాయప్ప చేతికి ఊళ్లో పేరుండేది. పక్క ఊళ్ల వాళ్లు కూడా పిలుచుకుపోయేవారు. మందు చెట్లను కాపాడిన మాట నిజమే. కాకపోతే కొట్టిన ప్రతిసారీ కొంత నేలలోకి కారేది. నేలలో పడ్డ రాగి కుళ్లదు, ఎగిరిపోదు, వాన పడితే కొట్టుకుపోదు. ఏళ్ల తరబడి అక్కడే పేరుకుంటుంది.

కొన్నేళ్లకు చెట్ల ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, మధ్య అంతా పసుపు తిరిగింది. కుళ్లాయప్ప అది తెగులనుకున్నాడు. తెగులనుకున్నాడు గనుక ఇంకా మందు కొట్టాడు. ఆయనను చూసి ఊరంతా కొట్టింది. నేల కింద వేళ్లు నల్లబడి చస్తుంటే, పైనుంచి ఆ విషమే మళ్లీ మళ్లీ తాపించారు, ఎంతో ప్రేమగా, బిడ్డకు మందు తాపినట్టు. అందులో ఎవరినని తిట్టగలం?

చివరికి చెట్ల కంటే ముందే ఆయన పోయాడు. మొదట దగ్గు, తర్వాత కామెర్లు, ఆఖరికి కడుపు ఉబ్బుకొచ్చింది. కాలేయం చెడిపోయిందన్నారు. తాగుడు అలవాటుందా అని డాక్టరు అడిగితే, జన్మలో చుక్క ముట్టని ఆ మనిషి సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్ల ఇళ్లలో కాల్చే ఆచారం లేదు. పోయినవాళ్లను సొంత చేనిలోనే, గుంతలో కూర్చోబెట్టి పూడుస్తారు. మనిషి వాడుకున్న చెంబును పక్కన పెట్టి పంపుతారు. కుళ్లాయప్పను తోట పడమటి గట్టు అవతల, ఎన్నడూ చెట్టు నాటని బీడులో కూర్చోబెట్టారు. ఆయన పంపు భుజానికి తగిలించుకుని కొడుకు ఓబుళేసు తోటలోకి నడిచాడు.

*

తాగుబోతు మొక్కలను చౌడేశ్వరి మొట్టమొదట నాటింది ఆ తోటలోనే. పాత చెట్ల నడుమ వరసకు కొన్ని చొప్పున పెట్టించింది. అవి నేలలోని రాగిని తాగేస్తే పాత చెట్ల వేళ్లు తెరిపిన పడతాయని ఆమె ఆశ. ఆశ వమ్ము కాలేదు. రెండో ఏడు వానలకు చెట్లు కొత్త చిగురు వేశాయి. పసుపు తిరిగిన ఆకులు రాలి, నిండు ఆకుపచ్చ ఆకులు వచ్చాయి. ఓబుళేసు ఆ చిగురు ఫోటోలు తీసి ఊరంతా చూపించాడు. ముప్పై దాటినా పెళ్లి కుదరని ఆ అబ్బాయికి చీనీ చెట్లే సంసారమని స్నేహితులు ఎగతాళి చేసేవారు. అతను ఏమీ అనుకునేవాడు కాదు.

ఒకనాడు అతను అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ తాగుబోతులు తోవ తప్పినట్లుండాయి."

"ఎట్ల?"

"పైపు పగిలిందని పడమటి గట్టు కాడ తవ్వినా. ఆడ చెట్లు లేవు, మందు కొట్టిన నేలా కాదు. అయినా వేలు లావు వేర్లు పోతాండాయి. అన్నీ ఒక్క దిక్కుకే."

"యా దిక్కుకు?"

"నువ్వొచ్చి సూడు," అని ఓబుళేసు ఫోన్ పెట్టేశాడు.

ఆమె వచ్చింది. ఇద్దరూ కలిసి గట్టు కింద నుంచి వేళ్ల వెంబడి మెల్లగా తవ్వుకుంటూ పోయారు. తోట తూర్పు కొసన నాటిన మొక్కల వేళ్లు కూడా అంత దూరం వచ్చి అక్కడ కలిశాయి. ఏది ఏ మొక్కదో పోల్చుకోలేనట్టు ఒకదాన్నొకటి అల్లుకుని, బీడులో నాలుగు రాళ్లు పాతిన చోటికి వచ్చి, ఒక్కసారిగా కిందికి దిగాయి. ఆ రాళ్ల కింద కుళ్లాయప్ప కూర్చుని ఉన్నాడు.

చౌడేశ్వరి పార పక్కన పెట్టి మట్టిలోకి చెయ్యి పెట్టింది. వేళ్లు చల్లగా, బరువుగా తగిలాయి. ఒకదాన్ని గీరి చూసింది. ఎర్రగా మెరిసింది.

"నాయన కాడికేనా?" అన్నాడు ఓబుళేసు.

ఆమెకు అప్పుడు చెంబు గుర్తొచ్చింది. తోట నుంచి రాగానే నాయన కాళ్లు కడుక్కునే రాగి చెంబు.

"చెంబురా, ఓబుళేసూ. గుంతలో చెంబు పెట్టినాం కదా. దానికోసం వచ్చినాయి."

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఓబుళేసు గట్టు మీద కూలబడి నవ్వాడు. "బతికున్నన్నాళ్లూ ఎవురినీ ముట్టుకోనీలేదు ఆ చెంబు. ఇప్పుడు సూడు, చెట్లే వచ్చి గుంజుకుంటాండాయి."

వాళ్లు అలా నవ్వుకుంటూ ఉండగానే తల్లి నాగలింగమ్మ గట్టు దాటి వచ్చింది. పిల్లలు మట్టి చేతులు కడుక్కుంటారని నీళ్లు తెచ్చింది. ఆమె చేతిలో ఉన్నది ఆ రాగి చెంబే. అంచు దగ్గర చొట్టతో సహా అదే.

చౌడేశ్వరి మట్టిలో పెట్టిన చెయ్యి తియ్యకుండానే అడిగింది. "అమ్మా, అది నాయన చెంబు కదా. గుంతలో పెట్టలేదా?"

"స్టీలుది పెట్టినాలే. ఇది మాయమ్మ నాకిచ్చింది. మట్టిలో కప్పెట్టేకి మనసు రాలే," అంది నాగలింగమ్మ. అంటూనే కూతురి చెయ్యి ఉన్న చోటు చూసింది. వేళ్లను చూసింది, రాళ్లను చూసింది. చెంబు గట్టు మీద పెట్టి ఇంటిదారి పట్టింది.

*

ఆ తర్వాత చౌడేశ్వరికి పరిశోధన కేంద్రంలో ఏ పని మీదా మనసు నిలవలేదు. ఇంతకుముందు నవ్వేసి వదిలేసిన ఒక సంగతి ఇప్పుడు పదే పదే గుర్తొచ్చింది. ఒకసారి మాబు మందు కొట్టి వచ్చి, చెమటతో తడిసిన బనియను విప్పి అద్దాల పెట్టె చివరన పడేసి మరిచిపోయాడు. మరునాటికి వేళ్లన్నీ తుత్తం పేలికను వదిలి బనియను వైపు తిరిగాయి. "మాబూ, తాగుబోతుకు నీ మీద మనసైంది" అని అందరూ పరాచికాలాడారు. బనియనుకు మందు అంటుకుని ఉంటుందిలే అనుకుంది ఆమె.

ఇప్పుడు మాబు చేత సెలవు పెట్టించి ఇంట్లోనే ఉండమంది. సబ్బుతో నాలుగు రోజులు స్నానం చేయించి, కొత్త గుడ్డ మెడకు కట్టుకుని ఒక పగలంతా చెమట పట్టించమంది. ఆ గుడ్డను పెట్టె ఒక చివర, ఎన్నడూ మందు ముట్టని ఆఫీసు గుమాస్తా చెమట గుడ్డను రెండో చివర పెట్టింది. వేళ్లు మాబు వైపే పోయాయి. అంటుకున్న మందు కోసం కాదు, ఒంట్లోంచి చెమటతో వచ్చే రాగి కోసం. గుంతలో నాయన దగ్గరికి పోయిందీ అందుకే. నగరంలో పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, కాలేయంలో రాగి పట్టేసిందని చెప్పాడు. ఇంకా ముదరలేదు, మాత్రలతో లాగెయ్యొచ్చు అన్నాడు. మాబు మాత్రలు మింగుతూ, మొక్కకు రోజూ సలాం పెడుతూ తిరుగుతున్నాడు.

మనుషుల్లో రాగిని పట్టిచ్చే మొక్క. కేంద్రంలో కొందరు సంబరపడ్డారు. చౌడేశ్వరికి మాత్రం ఊళ్లో తమ్ముడు దగ్గుతున్న దగ్గే చెవుల్లో ఉంది. ఈమధ్య వాడి ముఖం నల్లబడింది. అన్నం సయించడం లేదట. నాయన కూడా అలాగే మొదలుపెట్టాడు. వాడి చేత పంపు దించించి ఆసుపత్రికి పట్టుకుపోవాలి. లేకపోతే ఆ బీడులో ఇంకో నాలుగు రాళ్లు పాతాలి. కళ్లు మూసినా తెరిచినా ఆమెకు ఆ వేళ్లు మట్టి కింద ఇంటివైపు నడుస్తున్నట్టే ఉండేది.

అద్దాల పెట్టె ఒడిలో పెట్టుకుని ఆమె మిద్దెలపల్లి బస్సెక్కింది.

ఓబుళేసు ముందు వినలేదు. "నాకేమైందక్కా, దున్నపోతు మాదిరి ఉండా. ఇప్పుడు పోతే పూత కాలం పాయ. చెట్లు ఇప్పుడిప్పుడే తేరుకుంటాండాయి."

"చెట్లు తేరుకుంటాయి. నువ్వు?"

"గమ్మునుండు అక్కా. ఊరంతా కొడతాండారు మందు. అందరూ చచ్చినారా?"

"నాయన చచ్చిపోయినాడు కదరా," అంది చౌడేశ్వరి. అనేసి, తల్లి వింటోందేమోనని గుమ్మం వైపు చూసింది. నాగలింగమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది, చెయ్యి ఆగలేదు.

చివరికి ఓబుళేసు విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చాడు. "సరే. నీ మొక్కనే అడుగు. అది నా దిక్కుకొస్తే నువ్వు చెప్పిన ఆసుపత్రికి వస్తా, పంపు అటక మీద పెడతా. రాకుంటే ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

చౌడేశ్వరి ఒప్పుకుంది. రెండో చివరకు రాగి ఎరగని మనిషి కావాలి. తను పనికిరాదు. చిన్నప్పుడు నీలం నీళ్లు కర్రతో కలిపింది తనే, ఇప్పుడూ రోజంతా తుత్తంతోనే కాపురం. ఊళ్లో మగవాళ్లందరూ పంపు మోసినవాళ్లే. ఇంట్లో ఒక్క అమ్మే ఎన్నడూ పంపు ముట్టలేదు. మందు కొట్టే రోజుల్లో వాసన పడదని తోటవైపు కూడా పోయేది కాదు. ఇంతకంటే శుద్ధమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది అనుకుంది. కొత్త తెల్లగుడ్డ చింపి, ఒక పేలిక తమ్ముడి మెడకు, ఒకటి తల్లి మెడకు కట్టింది.

"నాకేంటికిమ్మా ఇది?" అంది నాగలింగమ్మ.

"ఊరికేమా. వాడికి పోటీ."

నాగలింగమ్మ ఆ రోజంతా గుడ్డ మెడకు కట్టుకునే ఇంటిపని చేసుకుంది. చౌడేశ్వరి ఆ రెండు గుడ్డలూ తీసి, తమ్ముడిదానికి ముడి వేసి గుర్తుపెట్టుకుని, పెట్టెకు చెరో చివర దోపింది. వంటింట్లో చల్లగా ఉండే మూల చూసి పెట్టింది.

మరునాడు మధ్యాహ్నం ఓబుళేసు అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చాడు. పెట్టె ముందు గొంతుక్కూర్చుని చూసి, చప్పట్లు కొట్టి నవ్వాడు.

"అక్కా, నేను గెలిచినా. నీ తాగుబోతు కంటికి నేను ఆనలేదు."

చౌడేశ్వరి పరుగున వచ్చింది. ముడి వేసిన గుడ్డ వైపు నాలుగైదు వేళ్లు సన్నగా వెళ్లి ఉన్నాయి. మిగతా వేళ్లన్నీ, తెల్లటి పాయలు పాయలుగా, రెండో వైపు తిరిగాయి. తల్లి మెడకు కట్టిన గుడ్డలోకి దూరి, పోగుల మధ్యనుంచి బయటికి పొడుచుకొచ్చాయి. ఒక్క రోజులో అంత దూరం నడిచిన వేరును ఆమె పరిశోధన కేంద్రంలో ఎన్నడూ చూడలేదు. మాబు గుడ్డ పెట్టినప్పుడు కూడా చూడలేదు.

"గుడ్డలు మారిపోయినట్టుండాయి," అంది. ముడిని చేత్తో తడిమి చూసింది. మారలేదు. "ఇసుకలో ఏదో కలిసింది. పెట్టె కడిగి మళ్లీ పెడతా. ఇంకో మొక్క తెచ్చినా. ఇది లెక్క కాదు."

ఓబుళేసు నవ్వు అప్పటికే ఆగిపోయింది. వాడు పెట్టెను చూడటం లేదు, తల్లిని చూస్తున్నాడు.

"మళ్లీ పెట్టే పన్లేదులేమ్మా," అంది నాగలింగమ్మ.

ఆమె గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని కూర్చుంది. అరిచేతులు ఒడిలో తిరగేసి పెట్టుకుంది. చౌడేశ్వరి ఆ చేతులను చూసింది. పుట్టినప్పటి నుంచీ తనకు అన్నం కలిపి పెట్టిన చేతులు. గోళ్ల మొదట్లో నీలం చారలు ఉన్నాయి. అవి ఎప్పుడూ ఉండేవే. కాబట్టే ఎప్పుడూ కనబడలేదు.

"మీ నాయన గుడ్డలు ఎవురు ఉతికినారనుకుంటివి? పంచె విప్పి పడేస్తే అది నిలబడేది, అంత మందు పట్టి ఉండేది. బండ మీద బాదితే నీలం నీళ్లు నా కాళ్ల మీదనే పారేవి. వానకాలంలో తలుపు మూసుకుని, గాలి ఆడకున్నా ఇంట్లోనే ఆరబెట్టేదాన్ని. ఆయన పోయినాక వీనివి. ఒక్క నాడు తప్పలే."

"అమ్మా, ఎప్పటి నుంచి?" అంది చౌడేశ్వరి. "ఒంట్లో బాగలేనిది ఎప్పటి నుంచి?"

"పోయిన వానకాలం నుంచి పొట్ట బరువుగా ఉండాది. కండ్లు పసుపుగా ఉండాయని పక్కింటి వన్నూరమ్మ అనింది. వేడి చేసిందిలే అంటి. ఆ పొద్దు గుంత కాడ వేర్లు సూసినప్పుడు తెలిసింది నాకు. మీరు వాని గురించి అల్లాడతాంటే, మధ్యలో నా గోల ఏంటికని."

చౌడేశ్వరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత చదువు చదివితే ఏం లాభం? రాగి ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి ఒక ప్రాణినే తయారుచేసింది. కన్నతల్లిని మాత్రం, రాగి అంటని మనిషి అని ఒక చివర కట్టిపెట్టింది. ఇంట్లో ఆమె ఉన్నట్టే ఎవరూ లెక్కపెట్టలేదు. నాయన లెక్కపెట్టలేదు, తమ్ముడు లెక్కపెట్టలేదు, తనూ లెక్కపెట్టలేదు. ఆ తప్పు మొక్క పట్టుకుంది.

ఓబుళేసు లేచి వెళ్లి దండెం మీది తల్లి చీరలు సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు. నిన్నటి దాకా పూత కాలం అన్నవాడు ఇప్పుడు ఆ మాటే ఎత్తలేదు. "సాయంత్రం బస్సుకే పోదాం అక్కా. ఇద్దరం సూపించుకుంటాం. మాత్రలు ఇస్తారు కదా. మాబుకు ఇచ్చినట్లే ఇస్తారు కదా."

"ఇస్తారు," అంది చౌడేశ్వరి. అమ్మకు సరిపోతాయో లేదో ఆమెకు తెలియదు. నాయనకు పొట్ట బరువైన తర్వాత ఎంత కాలం మిగిలిందో మాత్రం తెలుసు.

నాగలింగమ్మ కొడుకు సంచి సర్దడాన్ని చూస్తూ ఊరుకుంది. చీరలు మడత నలిగిపోతున్నాయని కూడా అనలేదు. తర్వాత కూతుర్ని దగ్గరికి రమ్మంది.

"వస్తా. యాడికి పిలిచినా వస్తా, ఏం మింగమన్నా మింగుతా. కానీ ఒక మాట, చౌడీ. నయం కాకుంటే నన్ను తోట కాడ పెట్టాకండి. కాల్చండి."

ఆ ఇంట్లో ఆ మాట అంతవరకూ ఎవరి నోటా రాలేదు. ఓబుళేసు చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"అదేందిమా? నాయన పక్కన వద్దా నీకు?" అన్నాడు.

"మీ నాయన యాడుండాడురా ఆడ? ఆయన్ను పంచుకునేసినాయి కదా," అంది నాగలింగమ్మ. కోపం లేదు, చాలా అలిసిపోయిన గొంతు. "నేను బతికినన్నాళ్లూ ఎవురికో ఒకరికి పెడతానే ఉండా. మీకు, ఆయనకు, వచ్చేవాళ్లకు, పోయేవాళ్లకు. పోయినాకన్నా నన్ను ఎవురూ తాగకుండా ఉండనీండి."

కూతురు మాట ఇచ్చేదాకా ఆమె చెయ్యి చాపే ఉంచింది. చౌడేశ్వరి ఆ అరిచేతిలో తన చెయ్యి వేసింది.

"అట్లనేమా," అంది.